గుఱ్ఱమెక్కకముందు



గడచిన మాసమున మాకందిన జాబులలో నొకటి మిక్కిలి చిత్రమైనది. వంటలను గూర్చియు, పసిబిడ్డల జబ్బులను గూర్చియు వ్రాయు సోదరీమణులు పెక్కుమంది కలరు గాని, గుఱ్ఱమును గూర్చి వ్రాసినవారు మా యెఱుకలో లేరు. ఆ సోదరి కుమార్తెకు 13 ఏండ్లు. పిల్ల పట్టుపట్టి గుఱ్ఱపుస్వారి నేర్పు చోట చేరినది. మూడు మాసముల రుసుము ముందుగనే చెల్లించిరి. చేరి 20 దినములైనను పిల్లను ఒక్కమాఱైనను గుఱ్ఱముపై కూర్చుండబెట్టలేదట. త్రాడు పట్టి నడిపించుట, నిలుపుట, వెనుకకు జరుపుట, ఒడలు తోముట, ఇంతే పని. “గుఱ్ఱమునకు దాసీతనము చేయుటకా యింత సొమ్ము పోసితిమి?” అని మామగారు దినదినమును అడుగుచున్నారు. నెల ముగియులోపల పిల్లను మాన్పింపవలెనని ఆయన నిశ్చయము. పిల్ల రెండుపూటలు అన్నము మానినది. “ఆ నేలమీది పనిలో నిజముగా విద్య యున్నదా, లేక నేర్పువారు కాలము పుచ్చుచున్నారా? ఏమి చెప్పి మామగారి నొప్పింతును?” అని సోదరి యడిగినది.

విద్య యున్నదనియే మా యుత్తరము. స్వారి నేర్చువారికి కాలుసేతులు విఱుగకుండ కాపాడు భాగములో పెద్దపాలు అచ్చటనే యున్నది. మేము గుఱ్ఱమెక్కినవారము కాము. ఎక్కవలెనను కోరికయు నీ వయస్సున లేదు. కాని యొక పిల్ల చదువు తెగిపోవునో నిలుచునో యను ప్రశ్నకు నోటికి వచ్చిన మాట చెప్పుట న్యాయము గాదని, మా యూరికి చేరువనున్న యొక స్వారిశాలకు నాలుగుదయములు పోయి చూచితిమి. కొన్ని గ్రంథములును తిరుగవేసితిమి. తెలిసినది వ్రాయుచున్నాము.

మొదట గుఱ్ఱమెట్టి ప్రాణియో తెలియవలెను. అది ఎంత పెద్దదైనను వేటాడు జంతువు గాదు. తోడేళ్లకును పెద్దపులులకును ఆహారమైన జాతి. దానికి కొమ్ములు లేవు, గోళ్లు లేవు. రక్షణమంతయు పరుగులో నున్నది. అనుమానము కలిగిన తక్షణమే పరుగెత్తుట దాని స్వభావము. ఆలోచన ఆ తరువాతనే. కన్నులు తలకు రెండు ప్రక్కల నుండుటచేత తల త్రిప్పకయే చుట్టును ఇంచుమించు 350 డిగ్రీల మేర చూడగలదు. అయినను నుదుటి కెదురుగ ముక్కునంటియున్న చోటును, తోకవెనుక చోటును దానికి కనబడవు. అందుచేతనే వెనుకనుండి చడిచప్పుడు లేక పోయినవారిని తన్నును. అది పొగరు గాదు, ప్రాణభయము. చెవులను వేఱువేఱుగ త్రిప్పి రెండు దిక్కుల మాటలు వినగలదు. ఒంటిపై నీగ వ్రాలినచో ఆ కొంచెము చర్మమునే వడకించి తోలగలదు. ఈగ బరువు తెలిసిన చర్మమునకు మన చేతి బరువు తెలియదా?

అట్టి జంతువు 400, 500 కిలోలుండును. ఈ పిల్ల 40 కిలోలుండునేమో! బలముతో దానిని లొంగదీయుట కల్ల. పిల్ల చెప్పునది దానికి బోధపడవలెను, చెప్పు పిల్లయందు దానికి నమ్మకముండవలెను. ఈ రెండును నేలపై నిలిచి మొదలిడుటయే క్షేమము. నేలపై నున్నప్పుడు పిల్లకు గుఱ్ఱపు కన్నులు, చెవులు, పెదవులు కనబడుచుండును. పొరపాటు జరిగినచో ప్రక్కకు తొలగవచ్చును. జీనుపై కూర్చుండి పొరపాటు చేసినచో పడుటయే.

మేము చూచిన స్వారిశాలలో నేర్పువాడు పూర్వము సైన్యమున అశ్వదళములో పనిచేసిన పెద్దాయన. ఆయన పిల్లలకు తొలుత నేర్పినది దరిజేరుట. గుఱ్ఱపు ముఖమున కెదురుగ పోరాదు, వెనుకనుండి పోరాదు. మాటలాడుచు ఏటవాలుగ భుజము దెసకు పోయి నిలువవలెను. చేతి వెనుకవైపు చాచి వాసన చూడనిచ్చి, పిమ్మట మెడ మొదట, మూపు దగ్గఱ మెల్లగ గోకవలెను. గుఱ్ఱములు తమలో తాము చెలిమి చేయునప్పుడు ఒండొంటి మూపును పండ్లతో గోకుకొనును. మనుష్యులు అచ్చట గోకినను గుఱ్ఱపు గుండె కొట్టుకొనుట నెమ్మదించునని శాస్త్రజ్ఞులు కొలిచి చూచిరి. మెడమీద చఱచుచు మెచ్చుకొనుట మనకు ముచ్చటయే గాని దానికి కాదు.

తరువాతిది నడిపించుట. నోటిలో నినుపకళ్లెము లేదు. తలకు మెత్తని పట్టీ, దానికి 10, 12 అడుగుల త్రాడు. త్రాడు వ్రేలాడునంత వదులుగ నుండవలెను. పిల్ల నడచినచో గుఱ్ఱము నడవవలెను, పిల్ల నిలిచినచో నిలువవలెను. చూచుటకు పిల్లలయాట వలె నుండును. కాని గుఱ్ఱము తన భుజముతో పిల్లను త్రోయుచున్నదా, పిల్ల నిలిచిన పిమ్మట తాను రెండడుగులు సాగి నిలుచుచున్నదా యని పెద్దాయన కన్నార్పక చూచుచుండెను. ఆ రెండడుగులే రేపు జీనుమీద కూర్చున్నప్పుడు ఇరువది యడుగులగునట.

మూడవ ఉదయమున చూచినదానిని కొంచెము వివరముగ చెప్పవలెను, విషయమంతయు నందులో నున్నది. ఒక బాలిక గోధుమరంగు ఆడుగుఱ్ఱముచేత వెనుకకాళ్లను ప్రక్కకు జరిపింపవలెను. ముందరికాళ్లు ఉన్నచోటనే యుండవలెను. బాలిక డొక్క ప్రక్కన నిలిచి వ్రేళ్లకొనలతో తాకినది. గుఱ్ఱము కదలలేదు. కొంచెము గట్టిగ నొత్తినది. గుఱ్ఱము బరువును మార్చి ఒక కాలు సగమడుగు ప్రక్కకు వేసినది. బాలిక సంతోషించి మఱింత నొత్తినది. వెంటనే గుఱ్ఱము చెవులు వెనుకకు వాల్చి తోకతో సరసర కొట్టినది. పెద్దాయన దగ్గఱకు వచ్చి, “అది జవాబు చెప్పినదమ్మా! నీవు వినక మఱల నడిగితివి” అనెను. రెండవమాఱు బాలిక కొంచెము ముందుగ చేయి తీసినది. మూడవమాఱు గుఱ్ఱము కాలెత్తబోవుచుండగనే తీసినది. అప్పుడా గుఱ్ఱము తల వంచి, ఒక నిట్టూర్పు విడిచి, పెదవులు నాకుకొనినది. ఆఱవమాఱు తాకనక్కఱ లేకపోయెను. బాలిక వంగి దాని పిఱుదులవంక చూచినంతనే తానై జరిగినది.

ఒత్తుటవలన గుఱ్ఱము నేర్చుకొనలేదు. ఒత్తుట మానినప్పుడు నేర్చుకొన్నది. ఏమి చేసినప్పుడు తనకు విడుదల కలిగెనో దానినే మఱల చేయును. విడుదల ఒక్క క్షణ మాలస్యమైనచో తాను చేసినది తప్పు కాబోలునని వేఱొకటి చేసి చూచును. తన్నుటయు నా వేఱొకటిలోనిదే. గుఱ్ఱము పొగరుబోతుతనమని మనమనుకొనునది పెక్కుమాఱులు చేయి తీయుట తెలియనివారి పుణ్యమే. మఱియు నీ వెనుకకాళ్లు జరుపుట వట్టి విన్యాసము గాదు. గుఱ్ఱమును ముందుకు త్రోయు బలమంతయు వెనుకకాళ్లలో నున్నది. బెదరిన గుఱ్ఱపు వెనుకభాగమును ప్రక్కకు త్రిప్పగలిగినచో ఆ పరుగు బలము తగ్గిపోవును. నేలపై నేర్వని గుఱ్ఱము భయపడిన వేళ జీనుమీదనుండి చెప్పినచో వినునా?

మా యింటివారు బడిపంతులు. ఈ సంగతి చెప్పగా ఆయన, “మా తరగతిలోను అంతే. జవాబు చెప్పిన పిల్లవానిని కూర్చుండుమనక నిలువబెట్టియే మందలించినచో మఱునాడు నోరు విప్పడు” అనిరి. ఆయనకు మేము మఱియొక పంతులుగారి కథ చెప్పితిమి. జర్మనీదేశమున బెర్లిను నగరములో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనునాయన పూర్వము గణితోపాధ్యాయుడు. ఆయన తన గుఱ్ఱము హాన్స్‌కు లెక్కలు నేర్పితినని నమ్మెను. కూడికయో తీసివేతయో అడిగినచో హాన్స్ డెక్కతో నేలమీద అన్నిమాఱులు తట్టి నిలుచును. 1904లో పండితులసంఘము పరీక్షించి మోసమేమియు లేదనెను. ఓస్కార్ ఫ్యుంగ్స్ట్ అను శాస్త్రజ్ఞుడు మర్మము కనుగొని 1907లో ప్రకటించెను. అడుగువానికి జవాబు తెలియనిచో గుఱ్ఱమునకును తెలియదు. సరియైన సంఖ్య వచ్చినప్పుడు అడుగువాని తల తనకు తెలియకయే వెండ్రుకవాసి కదలును. హాన్స్ దానిని చూచి తట్టుట మానును. పంతులుగారు 1909లో మరణించువఱకు గూడ నీమాట నమ్మలేదు. గుఱ్ఱమునకు గణితము రాదని లోకము నవ్వినది గాని, మాకు నవ్వు రాలేదు. తానెఱుగని తన తలకదలికను చదివిన శిష్యుని యెదుట నిలువగల పంతులెవ్వడు? కోపము దాచుకొని చిఱునవ్వుతో కొట్టమునకు పోయినను గుఱ్ఱము మన భుజముల బిగువును, ఊపిరిని చదువుచునే యుండును. కాబట్టి నేలమీది పాఠము సగము గుఱ్ఱమునకు, సగము పిల్లకు.

ఈ చిన్న సంజ్ఞల మహిమకు మఱియొక సాక్ష్యము కలదు. డెన్మార్కుదేశపు లిస్ హార్టెల్ గర్భవతిగ నున్నప్పుడు 1944లో పోలియో సోకి మోకాళ్లక్రింద పట్టు కోల్పోయెను. బిడ్డ ఆరోగ్యముగ జన్మించినది. ఆమె మఱల స్వారి సాధన చేసి 1952లో హెల్సింకి ఒలింపిక్కులలో రజతపతకము గెలిచెను. గుఱ్ఱమెక్కుటకును దిగుటకును ఆమెకు సాయము కావలెను. ఎక్కిన పిమ్మట కాలిబలము లేకయే నడుము, బరువు, చేతులు కొంచెము కదల్చి చెప్పినది గుఱ్ఱము వినెను.

ఇక భయము పోగొట్టు పాఠము. గొడుగు, ప్లాస్టిక్ సంచి, నేలపై పఱచిన టార్పాలిను వీనిని చూచి గుఱ్ఱము బెదరును. స్వారిశాలలో బాలుడొకడు కఱ్ఱకు గుడ్డ కట్టి దూరముగ నూపుచుండెను. గుఱ్ఱము తలయెత్తి బిగిసిన చోటనే ఆగి, అది కొంచెము మెత్తబడగనే గుడ్డను దూరముగ గొనిపోవును. మఱల కొంచెము దగ్గఱకు, మఱల దూరముగ. అరగడియలో ఆ గుడ్డ దాని వీపును తాకినను కదలలేదు. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమునందే గ్రీకుదేశీయుడు జెనొఫోన్ గుఱ్ఱపుస్వారిని గూర్చి గ్రంథము వ్రాసి, గుఱ్ఱము దేనినైన చూచి బెదరినచో కొట్టరాదనియు, కొట్టినచో ఆ నొప్పియు నా వస్తువుతోనే చేరి భయము రెట్టింపగుననియు, మనమే ముందుగ దానిని తాకి చూపి మెల్లగ దగ్గఱకు తీసికొని పోవలెననియు చెప్పెను. గుఱ్ఱము దగ్గఱ కెన్నడును కోపముతో పోరాదనుట ఆయన ముఖ్యనియమము.

ఇచ్చట నొక్కమాట. పెండ్లి యూరేగింపులలో వరుని మోయు గుఱ్ఱములను మీరు చూచియుందురు. చెవిప్రక్కన బాకాలు, కాళ్లచెంత టపాకాయలు; గుఱ్ఱపువాడు కళ్లెము బిగబట్టి నిలుచును. కదలక నిలిచిన గుఱ్ఱమెల్ల ధైర్యము గలది కాదు. ఒడలు బిగిసి, ఊపిరి పట్టి, చూపు నిలిచిపోయినచో అది తప్పించుకొను మార్గములేక ఆశ వదలుకొన్న నిలుపు. అట్టి గుఱ్ఱము ఒకనాడు ఉన్నట్టుండి జనములోనికి దూకును. టపాకాయలు దూరముగ కాల్చుడని చెప్పుటకు పెండ్లివారింటి ఆడువారికి ఆమాత్రము పెత్తనము లేదా?

వలయమైన దొడ్డిలో గుఱ్ఱమును విడిచి చేయు పాఠ మొకటి కలదు. కాలిఫోర్నియావాడగు మాంటీ రాబర్ట్స్ దీనికి మిక్కిలి ప్రచారము తెచ్చెను. 1989లో ఇంగ్లాండు రాణి యెలిజబెత్తు ఆయనను విండ్సరుకు రప్పించి చూచెను. 50 అడుగుల దొడ్డిలో గుఱ్ఱమును చుట్టును పరుగెత్తించి, అది చెవి మన దెసకు త్రిప్పి, తల దించి, పెదవులు నాకుకొనగా, మనము కన్నులు మరల్చి వీపు త్రిప్పి నిలువవలెను. అప్పుడు గుఱ్ఱము తానై వచ్చి మన భుజము వెనుక నిలుచును. చూచినవారికి కన్నీరు వచ్చును. అయితే 2012లో సిడ్నీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు మనుష్యునికి బదులు దూరమునుండి నడుపు బొమ్మకారు నుపయోగించిరి. గుఱ్ఱములు కారును సైతము అట్లే సమీపించెను! తఱుముట ఆగిన చోటు సుఖమని నేర్చుకొన్నవి గాని కారును ప్రేమింపలేదు గదా. కాబట్టి ఒక్క గంటలో స్నేహము కుదిర్తుమనువారి మాటను మేము సగమే నమ్ముచున్నాము. ప్రతిదినము అదే చేయి, అదే గొంతు, అదే న్యాయము కనబడుటవలన కలుగు నమ్మకము వేఱు. దానికి 20 దినములు ఎక్కువ గాదు.

సోదరి మామగారు పురాణకాలక్షేపము గలవారైనచో నలోపాఖ్యానమును జ్ఞాపకము చేయవచ్చును. ఋతుపర్ణుని ఒక్క దినములో విదర్భకు చేర్పవలసి వచ్చినప్పుడు బాహుకుడను పేర నున్న నలుడు బక్కగుఱ్ఱములను ఏరెను. రాజు కోపించెను. ఎక్కబోవు వేళ ఆ గుఱ్ఱములు మోకాళ్లపై నేలకు వ్రాలినవి. సంస్కృతమూలములో నలుడప్పుడు కొరడా యెత్తలేదు. ముందుగ వానిని ఊరడించెను, పిమ్మట పగ్గములు పట్టెను. ప్రక్కనున్న వార్ష్ణేయుడు ఇతడు శాలిహోత్రుడా యని విస్మయపడెను. దమయంతి రథధ్వనిని విని భర్తను గుర్తించినదని మనమందఱమెఱుగుదుము. కాని కుండినపురములోని కొట్టమున నలుని పాత గుఱ్ఱములు కలవు; ఆ చప్పుడు చెవిని పడగనే అవియు పూర్వము నలుని సన్నిధిలో వలె సంతోషించెనని వ్యాసుడు చెప్పెను. ఆకారము మారినను, ఏండ్లు గడచినను, తమ నేలిన చేతిని అవి మఱవలేదు.

పురాణము చాలదనినచో హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీని చూపవచ్చును; అచ్చట అధికారిణులుగ చేరిన యువతులును స్వారి నేర్చుచున్నారు. 2023 సెప్టెంబరులో హాంగ్జౌ నగరపు ఆసియాక్రీడలలో డ్రెసాజ్ అను పోటీయందు బంగారుపతకము గెలిచిన నలుగురు భారతీయులలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ అను నిరువురు స్త్రీలు.

అయినను మామగారి సందేహమును పూర్తిగ కొట్టివేయరాదు. నేలమీది పనియని పేరు పెట్టి పిల్లలచేత కొట్టము మాత్రమే ఊడ్పించువారు నుండవచ్చును. ఒక ఉదయము సోదరియు మామగారును కలిసి పోయి చూడవలెను. నేర్పువాడు ప్రతిపనికిని కారణము చెప్పుచున్నాడా? మొదటివారము కంటె ఇప్పుడు తక్కువ త్రాటితో, తక్కువ మాటతో గుఱ్ఱము కదలుచున్నదా? గుఱ్ఱమును ఎడమప్రక్కనే గాక కుడిప్రక్కను గూడ అలవాటు చేయుచున్నాడా? గుఱ్ఱము తప్పు చేసినప్పుడు ఆయన గొంతు హెచ్చుచున్నదా? పిల్ల కొట్టములో నడుగు పెట్టగనే గుఱ్ఱము చెవులెటు తిరుగుచున్నవి? ఈ కడపటి ప్రశ్నకు మేము తక్కినవాని కంటె హెచ్చు విలువ నిత్తుము. జవాబులు సరిగ నున్నచో, జీను ఎప్పుడు వేయుదురని అడిగి తెలిసికొని ఇంటికి రావచ్చును. సరిగ లేనిచో మామగారి మాటయే సరి. వేఱొక చోటు వెదకవలెను.

పిల్లను పంపునప్పుడు తల్లి చూడవలసినవి కొన్ని కలవు. నేలమీది పనికైనను తలకు గట్టి టోపీ, మడమ గల మూసినబూట్లు కావలెను, చెప్పులతో పోరాదు. చున్నీ ఇంటనే యుంచవలెను. త్రాటిని చేతికి చుట్టుకొనరాదు. గుఱ్ఱము బెదరి లాగినచో వ్రేళ్లు తెగిన సందర్భములు కలవు. మడతలుగ పట్టుకొనవలెను. కొట్టముల మట్టిలో ధనుర్వాతపు క్రిములుండును గనుక టీకా వేయించితిరో లేదో చూచుకొనవలెను. ఇక గుఱ్ఱమునకు పెట్టుమని పిల్లచేతికి బెల్లపుముక్క యిచ్చి పంపవచ్చునా యని సోదరి జాబు చివర నడిగినది. ఇయ్యవచ్చును గాని నేర్పువారి నడిగి యియ్యవలెను. అరచేయి చాపుగ నుంచి, బొటనవ్రేలు ప్రక్కకు చేర్చి పెట్టవలెను. కొన్ని గుఱ్ఱములు బెల్లము రుచి మరిగి జేబులు వెదకుచు కొఱుకుట నేర్చును. అట్టిదానికి చేతితో పెట్టక తొట్టిలో వేయుట మేలు.